ముగించని ఇంటర్వ్యూ

నా వీడ్కోలు సభ ల్యాప్‌టాప్ తెర మీద జరిగింది. కరోనా కదా, ఎవరి వంటింట్లో వాళ్ళు కూర్చుని గ్లాసులు ఎత్తారు. మా అధికారి ఫ్రావ్ లిండ్‌నర్ నా గురించి మాట్లాడుతూ, "మాకు దొరికిన అత్యంత కష్టమైన సహోద్యోగి" అంది. మైకులన్నీ కట్టేసి ఉన్నా నవ్వుతున్న నోళ్ళు కనిపించాయి. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది.

జర్మనీకొచ్చి ఇల్మెనౌలోనో ఇంకో ఊళ్ళోనో మాస్టర్స్ పూర్తి చేసి, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఈ పనిలో చేరబోతున్న మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "అంకుల్, ఆడిట్ జాబ్ ఎలా ఉంటుంది? ట్రావెల్ బాగా ఉంటుందటగా?" అని అడుగుతారు. ట్రావెల్ ఉంటుంది. మిగతా సంగతి ఫోన్లో చెప్పేది కాదని ఇది రాస్తున్నాను.

పని ఏమిటంటే

జర్మన్ కారంటారు గానీ, సీటు కింద చట్రం ఒక దేశంలో తయారవుతుంది, దాని మీద గుడ్డ ఇంకో దేశంలో కుడతారు. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళని మనుషుల్లా చూస్తున్నారా లేదా అన్నది వెళ్ళి చూసి చెప్పడం నా ఉద్యోగం. యంత్రాలు చూడడానికి వేరేవాళ్ళు ఉంటారు. నేను చూసేవి మరుగుదొడ్లు, మంచాలు, తలుపుల గడియలు.

మనల్ని పంపేది సరుకు కొనే కంపెనీ. మనకి కాఫీ పోసేది సరుకు అమ్మే ఫ్యాక్టరీ. ఇద్దరికీ కావలసింది ఒకటే మాట: అంతా బాగుంది. నిజం బయటపడాలని కోరుకునే మనిషి అక్కడే, మనకి నాలుగడుగుల దూరంలో, తల వంచుకుని పని చేసుకుంటూ ఉంటాడు. ఆ నాలుగడుగులు దాటడమే ఈ ఉద్యోగం. దాటనివ్వకుండా చూడడం మిగతా అందరి ఉద్యోగం.

బ్రెన్నర్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు

నా మొదటి బాస్ హెర్ బ్రెన్నర్. ఆయన మంచివాడని నేను చెప్పను. నేను కనిపెట్టినవన్నీ తన పేరు మీద చెప్పుకునేవాడు. కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేయాల్సి వస్తే, "ఈయన మా ఇండియన్. మిరపకాయలు పచ్చివే తింటాడు" అనేవాడు. జీవితంలో ఒక్కసారి కూడా నేను ఆయన ముందు పచ్చిమిరపకాయ తినలేదు. అయినా నాకు పని నేర్పింది ఆయనే.

"మాట అడగకు. మాటకి జవాబు ముందే తయారు చేసుకుంటారు. పని అడుగు" అనేవాడు. కార్మికుల మరుగుదొడ్లు తెరిచే ఉంటాయా అని ఆయన ఎన్నడూ అడగలేదు. "నాకు అర్జెంటు, ఇక్కడ దగ్గరలో ఉన్నదానికే వెళ్తాను" అనేవాడు. తాళంచెవి కోసం మేనేజర్లు పరుగెత్తడం నేను చాలా ఊళ్ళలో చూశాను.

ఒకచోట సీట్ కవర్లు కుట్టే అమ్మాయి, షిఫ్టు అయ్యేదాకా బయట నుంచి తలుపు వేస్తారని మాకు చెప్పింది. మర్నాడు వెళ్తే ఆమె మిషన్ దగ్గర వేరే ఆమె ఉంది. సెలవు పెట్టిందన్నారు. బ్రెన్నర్ గొడవ పడలేదు. ఒక కుర్చీ లాక్కుని ఆ మిషన్ పక్కన కూర్చున్నాడు. "ఆమెతో నా ఇంటర్వ్యూ ఇంకా ముగియలేదు. వచ్చేదాకా ఉంటాను" అన్నాడు. భోజనానికి పిలిచారు, లేవలేదు. కారు సిద్ధంగా ఉందన్నారు, లేవలేదు. పొద్దువాలే వేళకి ఆ అమ్మాయిని ఎక్కడినుంచో తీసుకొచ్చారు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ మనిషి క్షేమం.

తిరిగి వస్తూ విమానంలో ఆయన నాతో ఒక్క ముక్క చెప్పాడు. నిజం చెప్పినవాణ్ణి మాయం చేయడం తేలిక, కానీ వాడితో పని ఇంకా మిగిలి ఉందని ఎవరైనా మొండికేస్తే కష్టం. ఇంతకన్నా పనికొచ్చే సంగతి నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు.

ఫ్యాక్టరీ అబద్ధం వేరు, ప్రభుత్వం అబద్ధం వేరు

ఫ్యాక్టరీ యజమాని అబద్ధం చెప్తే పట్టుకోవచ్చు. గోడకి పెయింట్ వాసన ఇంకా పోయి ఉండదు. చేతితొడుగుల మీద ధర చీటీ ఉంటుంది. ప్రభుత్వం అబద్ధం చెప్పదలచుకుంటే మనకోసం ఒక ఊరే కట్టి చూపిస్తుంది.

నేను చెప్పబోయేది ఒక ఎడారి దేశం సంగతి. అక్కడ మనవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి పేరు రాయను. ఆ దేశం ప్రకటనలు ఇక్కడి విమానాశ్రయంలో ఉండేవి, ఆటగాళ్ళ చొక్కాల మీద ఉండేవి, సంగీత కచేరీల టికెట్ల వెనక ఉండేవి. కరోనా మొదట్లో మాస్కులకి కటకటలాడుతున్నప్పుడు ఆ దేశం పెట్టెలు పంపించింది. పెట్టెల మీద జెండా బొమ్మ మాస్కు కన్నా పెద్దది. ఆ దేశం జైల్లో పెట్టిన న్యాయవాదుల గురించి విలేకరులు అడిగితే ఆ దేశపు మంత్రి కొత్త మ్యూజియం గురించి చెప్పేవాడు. అందంగా చెప్పేవాడు కూడా.

అదే మంత్రి, డ్యూసెల్‌డార్ఫ్ కంపెనీలతో జరిగిన ఒక ఆన్‌లైన్ సభలో, తమ దేశంలో ఇకమీదట ఏ కార్మికుడైనా ఇంటికి వెళ్ళాలనుకుంటే యజమాని అనుమతి అక్కర్లేదని ప్రకటించాడు. నోటితో అడిగితే చాలన్నాడు. అందరూ తెర మీద చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఏ ప్రభుత్వమైనా మంచి చట్టం తెస్తే సంతోషించండి. ఆ చట్టాన్ని అక్కడి కార్మికుడికన్నా ముందు జర్మన్ కంపెనీకి చెప్తే మాత్రం అనుమానించండి.

చాయ్ వద్దు సార్

ఆ దేశంలో సీటు చట్రాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి మా జాబితాలో ఉంది. విమానాలు లేవు. మంచంమీది దుప్పటి దాకా అన్నీ ఫోన్ కెమెరాలో చూసి తేల్చాలి. చూడాల్సింది మనం, కెమెరా తిప్పేది వాళ్ళు. దొంగ చేతికి లాంతరిచ్చి ఇల్లు చూపించమన్నట్టు అవుతుందని నేను రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను. ఫ్రావ్ లిండ్‌నర్ చేతులెత్తి దండం పెడుతున్న బొమ్మ ఒకటి పంపింది.

తెర మీద ప్రత్యక్షమైనవాడు సత్తిబాబు. క్యాంప్ బాస్, అంటే కార్మికుల వసతిని చూసుకునేవాడు. గోదావరి జిల్లా మనిషి. పక్కన సూటు వేసుకున్న ప్రభుత్వ అధికారి ఉన్నాడు.

"నమస్కారమండీ మూర్తిగారూ! తమరు మనోళ్ళేనని తెలిసి మా ఆఫీసరుగారు తెగ సంతోషించేశారండి. తమకోసమని మన తెలుగోళ్ళనే పిలిపించామండి."

"ఎక్కణ్ణుంచి పిలిపించారు? ఇక్కడ ఉండేవాళ్ళు కారా?"

"అబ్బే, ఇక్కడోళ్ళేనండి. మాటవరసకన్నానండి."

గది చూపించాడు. కొత్త దుప్పట్లు, ఇంకా మడతల గీతలతోనే ఉన్నాయి. కిటికీ దగ్గర కుండీలో మొక్క. మంచానికొక మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు నెలల తరబడి ఉండే గది అది. ఆరేసిన లుంగీ లేదు, తాడు లేదు, దేవుడి పటం లేదు.

"ఊరగాయ సీసా ఏది సత్తిబాబూ?"

"ఇక్కడంతా హెల్దీ ఫుడ్డండి."

మొదటి మంచం దగ్గర నిలబడ్డ మనిషి పేరు సాయిలు. జగిత్యాల దగ్గర పల్లె. నేను అడగకముందే మొదలుపెట్టాడు: "మంచిగున్నం సార్. టైంకు తిండి, టైంకు జీతం. సర్కారు మంచిగ చూసుకుంటున్నది." రెండో మనిషి అవే మాటలు అదే వరసలో చెప్పాడు. మూడో మనిషి తిండికి ముందు జీతం చెప్పి, తప్పు చేసినట్టు సత్తిబాబు వైపు చూశాడు.

నేను బ్రెన్నర్ పద్ధతిలోకి దిగాను. "సాయిలూ, ఒక పని చెయ్యి. ఆ ఫోన్ నువ్వు తీసుకో. గేటు దాటి, దగ్గర్లో ఎక్కడైనా చాయ్ తాగి రా. నేను చూస్తూ ఉంటాను."

సత్తిబాబు ఫోన్ వదల్లేదు.

"కరోనా అండి, బయటికెళ్ళకూడదండి. మీ జర్మనీలో మాత్రం లాక్‌డౌన్ లేదేంటండి?" అన్నాడు సత్తిబాబు.

"ఉంది. మా ఇంటి తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉంది."

అప్పుడు సాయిలు తల ఎత్తి కెమెరాలోకి చూశాడు. "చాయ్ వద్దు సార్. ఇంటికి పోత" అన్నాడు.

అధికారి ఇంగ్లీషులో అడిగాడు, ఏమంటున్నాడని. సత్తిబాబు తడుముకోకుండా, "చాయ్ వద్దంటున్నాడు సార్" అన్నాడు. సగం అనువాదం. ఇన్నేళ్ళలో నేను చాలామంది దుబాసీలను చూశాను, ఇంత శుభ్రంగా సగం కోసినవాణ్ణి చూడలేదు.

"మిగతా సగం నేను చెప్తాను" అని ఇంగ్లీషులో అధికారికి చెప్పాను. "ఇంటికి వెళ్తానంటున్నాడు. నోటితో అడిగితే చాలని మీ మంత్రిగారు అన్నారు. అడిగాడు. నేను సాక్షిని. ఎప్పుడు పంపిస్తున్నారు?"

వెంటనే బొమ్మ ఆగిపోయింది. నెట్‌వర్క్ సమస్య అని తర్వాత కబురొచ్చింది. అధికారి నోరు తెరిచి ఉన్న బొమ్మ చాలాసేపు నా తెర మీద అలాగే ఉంది.

తెరిచి ఉంచడం

ఇక నా భయమంతా సాయిలు గురించే. అలాంటి చోట అందరి ముందు అంత మాట అన్నవాడిని ఏ చీకటి గదిలోనైనా పడేయొచ్చు. కరోనా సోకిందంటే చాలు, ఎక్కడున్నాడని అడిగే దిక్కుండదు. అతని పక్కన వేసుకుని కూర్చోవడానికి నాకు కుర్చీ కూడా లేదు. బ్రెన్నర్ అక్కడ చేసింది నేను ఇక్కణ్ణుంచి చేశాను. సాయిలుతో ఇంటర్వ్యూ ముగియలేదని, అతనితో మళ్ళీ మాట్లాడాలని కబురు పంపాను. మాట్లాడాక, ఇంకా ముగియలేదని పంపాను. మర్నాడూ అదే.

అలా సాయిలుని మొదటిసారి చూపించినప్పుడు నా ఫోన్ నంబర్ పెద్ద అంకెలతో కాగితం మీద రాసి కెమెరాకి ఎదురుగా పట్టుకున్నాను. సత్తిబాబు కెమెరాని పక్కకి తిప్పేలోపు సాయిలు పెదాలు కదిలాయి. చదువుకుంటున్నాడు. ఆ తర్వాత మా మాటలన్నీ ఇంతే:

"ఉన్నావా?"

"ఉన్న సార్."

"తిన్నావా?"

"తిన్న."

"సరే. ఇంకా ముగియలేదు."

ఆ దేశం జర్మన్ కంపెనీల కోసం మరో పెద్ద ఆన్‌లైన్ సభ పెట్టబోతోంది. ఈ కార్మికుల వసతిని అందులో ఆదర్శంగా చూపిస్తారట. దానికి మా ధ్రువపత్రం కావాలి. ఫ్రావ్ లిండ్‌నర్ ఫోన్ చేసింది.

"హెర్ మూర్తి, ఒక్క మనిషి కోసం మొత్తం ఆపుతున్నారు. మీ దేశస్థుడు కాబట్టి మీకు సొంత వ్యవహారంలా ఉంది."

"మీ దేశస్థుడైతే ఏం చేసేవారు?" అని అడిగాను.

ఫోన్ పెట్టేసింది. తర్వాతి వారం ఆ పని నా నుంచి తీసేసి శ్రావణికి ఇచ్చారు.

శ్రావణి హైదరాబాద్ అమ్మాయి, మా దగ్గర కొత్తగా చేరింది. లిండ్‌నర్ ఎందుకామెను ఎంచుకుందో నాకు వివరించనక్కర్లేదు. ఇద్దరం మాస్కులు వేసుకుని నెకార్ నది ఒడ్డున, మధ్యలో దూరం పాటిస్తూ నడిచాం.

"సార్, నా సిచ్యుయేషన్ మీకు తెలుసు కదా. ప్రొబేషన్ ఇంకా అవ్వలేదు. జాబ్ పోతే బ్లూ కార్డ్ వీసాకి పరేషానే. ఫారినర్స్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ కూడా దొరకట్లే."

"సంతకం పెట్టొద్దని నేను అనను."

"అనరు. అట్లా చూస్తరంతే!" అంది కోపంగా. కొంత దూరం నడిచాక, "సార్, ఒకటి అడుగుతా. సాయిలు ఇంటర్వ్యూ మన సిస్టమ్‌లో ఓపెన్‌లోనే ఉంది కదా?"

"ఉంది."

"ఓపెన్‌లో ఉంటే సంతకం బటన్ పని చేయదు. మీరు క్లోజ్ చేయలే. నేను ఆయనను కలవనే లేదు, నేనెట్లా క్లోజ్ చేస్తా? రూల్ రూలే కదా. ఆయన ఇంటికి పోయి నాతో మాట్లాడితే క్లోజ్ చేస్తా. మేడమ్‌కి ఇదే చెప్తా, చాలా మర్యాదగా చెప్తా."

అలాగే చెప్పింది. జర్మన్ ఆఫీసులో రూలుకి మించిన ఆయుధం లేదు, దాన్ని నవ్వు ముఖంతో వాడితే అసలే తిరుగులేదు. నాకు ముప్ఫై ఏళ్ళుగా రానిది ఆ నవ్వు ముఖమే. సభ దగ్గర పడుతోంది, బటన్ నొక్కుడు పడటం లేదు. లిండ్‌నర్ నుంచి కొనే కంపెనీకి, అక్కణ్ణుంచి ఆ ప్రభుత్వానికి ఫోన్లు వెళ్ళి ఉంటాయి. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సాయిలుని ప్రత్యేక విమానం ఎక్కించారు. అతను దిగాక శ్రావణి ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి ఇంటర్వ్యూ క్లోజ్ చేసింది.

నవ్విన ముఖం

నేను గెలిచాననుకున్నారా? సభ మొదలవగానే ఒక చిన్న సినిమా వేశారు. వెనక సంగీతం. ఎయిర్‌పోర్టులో సాయిలు కొత్త చొక్కా వేసుకుని, పూలగుత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కింద పరుగెత్తాయి: అడిగాడు, వెళ్తున్నాడు. తర్వాత నేను కనిపించాను. సత్తిబాబు నమస్కారానికి తల ఊపుతూ ప్రతినమస్కారం పెట్టిన ఆ ఒక్క క్షణం కత్తిరించి అతికించారు. జర్మన్ నిపుణుల ప్రశంస, అని రాశారు నా ముఖం కింద. తెర నిండా చప్పట్ల బొమ్మలు. ధ్రువపత్రం మీద శ్రావణి కాదు, లిండ్‌నరే సంతకం పెట్టింది, ఘనత కావాలి కదా.

ఆ ముఖం తీసేయమని ఆ దేశపు రాయబార కార్యాలయానికి రాశాను, కొనే కంపెనీకి రాశాను, మా సంస్థకి రాశాను. మా సంస్థ నుంచి మాత్రమే జవాబొచ్చింది. సినిమాలో నేను బాగున్నానట.

సాయిలు ఊరు చేరి, విడిగా ఉండాల్సిన రోజులు ముగిశాక ఫోన్ చేశాడు. వీడియోలోనే. నా అలవాటు చొప్పున మొదటి ప్రశ్న అదే: "పక్కన ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు సార్."

"కెమెరా తిప్పు."

తిప్పాడు. రేకుల కొట్టం, రెండు మేకలు, "ఎవలయ్య ఆ సారు, ఇల్లంత జూస్తడు?" అంటూ కొంగు సర్దుకున్న ఒక ఆమె. సాయిలు నవ్వాడు. సినిమాలో నవ్వుకీ దీనికీ పోలికే లేదు. ఆ సంగతే అడిగాను.

"నవ్వమన్నరు సార్. నవ్వకపోతే ఫ్లైట్ ఎక్కనియ్యమన్నరు. నాలుగుసార్లు తీసిన్రు. మూడుసార్లు నాకు నవ్వు రాలే."

"మిగతావాళ్ళు?"

"ఆడనే ఉన్నరు. పాస్‌పోర్టులు కంపెనోని తాన్నే. మీకు జూపిన రూం మాది గాదు సార్, అది ఫోటోలకే. మేమంత ఎనుక షెడ్డుల పంటుంటిమి. మీరు ఫోన్ పెట్టెయ్యంగనే ఆ దుప్పట్లు సుత గుంజుకున్నరు." ఆ వెంటనే, "నర్సయ్య అని నా పక్కన పంటుండె సార్. ఆయన సుత అడుగుతడంట. ఎవ్వలికి అడగాలెనో తెల్వదు" అన్నాడు.

రిటైరయ్యాక

అప్పటికి నా ఉద్యోగం పూర్తయింది. ఇంటర్వ్యూలు తెరిచి ఉంచే అధికారం పోయింది. కానీ ఈ దేశంలో ఫిర్యాదు చేయడానికి ఉద్యోగం అక్కర్లేదు. కొనే కంపెనీ వెబ్‌సైట్లో ఎవరైనా ఫిర్యాదు చేసే వీలుంది, ఎప్పటికైనా వాళ్ళు జవాబివ్వక తప్పదు. నర్సయ్య పేరు రాశాను. సాయిలు సినిమాని దానికి జతచేశాను. ఈ సినిమాలో ఉన్నట్టే ఇతనూ అడుగుతున్నాడు, ఎప్పుడు పంపిస్తున్నారు అని రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. పరిశీలిస్తున్నామన్నారు. మళ్ళీ రాశాను. మా ఆవిడ, "లేనిపోని తద్దినం మీకెందుకండీ?" అంది. రాశాను.

నర్సయ్యనీ పంపించారు. అతనికీ సినిమా తీశారు, పూలగుత్తితో సహా. అతను నవ్వలేదు, అయినా విమానం ఎక్కనిచ్చారు; తీసేవాళ్ళు బహుశా ఆ రోజు విసిగిపోయి ఉంటారు. మీరు ఈ పనిలోకి వస్తే, ఇలాంటి సినిమా చూసి మీకు రోత పుడుతుంది. వాళ్ళ పేరు మెరవడానికే కదా మనం పనికొచ్చాం అనిపిస్తుంది. అనిపించనివ్వండి. ఎన్ని సినిమాలైనా తీసుకోనివ్వండి. ఒక్కో సినిమాకి ఒక్కో మనిషి గేటు బయటికి రావాలి. నేను అడిగేది అంతే.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"మూర్తిగారేనాండీ? నేనండి, సత్తిబాబునండి." గొంతు బాగా తగ్గించి ఉంది.

చాయ్ వద్దంటున్నాడు సార్, అన్న గొంతే అది. అతనితో నాకున్న లెక్క తేలలేదు.

"ఆ రోజు మీరు కెమెరాకి చూపించిన నంబర్ నేనూ చూశానండి. నా పాస్‌పోర్టూ వాళ్ళ దగ్గరే ఉందండి. నేనొచ్చి ఎన్నేళ్ళయిందో ఇంట్లోవాళ్ళు కూడా లెక్కపెట్టడం మానేశారండి."

ఇది వల కావచ్చు. ఎవరు అడుగుతున్నారో, ఎవరికి సాయం చేస్తున్నానో తెలుసుకోవడానికి ఆ సూటు మనిషి పక్కన కూర్చుని చెప్పిస్తుండవచ్చు. అదే అడిగాను.

"నమ్మరని తెలుసండి. ఏం చేస్తే నమ్ముతారండి?"

"వెనక షెడ్డులో ఎవరెవరున్నారో చెప్పు. అందరి పేర్లూ, ఊర్లతో సహా. కంపెనీ లెక్కల్లో చూపించనివాళ్ళవి ముందు చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాడు. సాయిలుకి తెలియని పేర్లు కూడా చెప్పాడు. ఒక్కో పేరూ చెప్పి ఆగుతున్నాడు, చుట్టూ చూసుకుంటున్నట్టు. ఆ పేర్లు బయటపడితే మొదట పోయేది తన ఉద్యోగమే, బహుశా ఇంకా ఎక్కువే. నేను రాసుకుంటూ పోయాను, ఏ ఒక్కదాన్నీ తిరిగి అడగలేదు. చివరికి ఆగాడు.

"అయిపోయాయండి. అన్నీ రాసుకున్నారాండీ?"

"లేదు" అన్నాను. "పాస్‌పోర్టులో ఉన్నట్టు నీ పూర్తి పేరు చెప్పు."